ప్రోగ్రాంల కోసం సెకండ్ హ్యాండ్ గేర్: ఎలా వెతుకుతారు, ఇంట్లో ఎలా సర్దుతారు?

రాత్రిరాగం
ఈమధ్య ప్రోగ్రాంలు పెరిగాయి, వాటితో పాటు ఇంట్లో సామానూ పెరిగింది. నేను కీబోర్డ్ వాయిస్తాను, అవసరమైతే గిటార్ కూడా పట్టుకుంటాను. ఇప్పుడు రెండు వస్తువులు కావాలి. స్టేజ్ మీద మెయిన్ కీబోర్డ్ మొరాయిస్తే వెంటనే పెట్టుకోవడానికి ఒక స్పేర్ కీబోర్డ్, నా వాయింపు నాకు వినబడటానికి ఒక మానిటర్ స్పీకర్. కొత్తవి కొనే బడ్జెట్ లేదు, సెకండ్ హ్యాండే దిక్కు. పొద్దున్న లేవగానే యాడ్స్ చూడటం అలవాటైపోయింది కానీ చూసేది బోలెడు, తేలేది ఏమీ లేదు. నచ్చినదానికి మెసేజ్ పెట్టేలోపే అమ్ముడుపోతుంది. లేదంటే మసక ఫోటో ఒకటి పెట్టి "వర్కింగ్ కండిషన్" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. దీనికి తోడు ఇంట్లో ఏది ఎక్కడుందో తెలీదు, బయలుదేరే ముందు ఒకేలా ఉండే నల్ల అడాప్టర్ల కుప్పలో నాకు కావాల్సింది వెతుక్కోవడంతోనే టెన్షన్ మొదలవుతుంది. మీరంతా ఎలా వెతుకుతారు, కొనేముందు ఏం చూస్తారు, తెచ్చినవాటిని ఎలా పెట్టుకుంటారు? కాస్త వివరంగా చెప్పండి.

జాక్‌పిన్ను
ముందు సర్దండి, తర్వాత వెతకండి. ఇంట్లో ఏముందో తెలియకుండా యాడ్స్ చూస్తే ఉన్నదాన్నే మళ్ళీ కొంటారు. మా బ్యాండ్‌లో ఒకతను డీఐ బాక్స్ (వాద్యాన్ని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె) కోసం నెలల తరబడి వెతికి వెతికి కొన్నాడు. తీరా చూస్తే పాత గిటార్ బ్యాగ్ జేబులో ఒకటి బయటపడింది.

మిక్సర్‌మామ
అడాప్టర్ల సంగతి ఇవాళే తేల్చేయండి, గంట పని. తెల్ల పెయింట్ మార్కర్ తీసుకుని ప్రతి అడాప్టర్ ఒంటిమీద అది ఏ వస్తువుదో పేరు రాయండి, కింద వోల్టేజ్, మిల్లీయాంప్స్, ప్లగ్ మధ్య భాగం ప్లస్సా మైనస్సా అనేది రాయండి. తర్వాత ప్లగ్ దగ్గర ఓ రంగు టేపు చుట్టి, అదే రంగు ముక్క ఆ పరికరం సాకెట్ పక్కన అంటించండి. చీకటి స్టేజ్ మీద అక్షరాలు కనబడవు, రంగు కనబడుతుంది.

ఇది అందం కోసం చెప్పట్లేదు. బాస్ (Boss) కంపెనీ గిటార్ ఎఫెక్ట్ పెడల్స్‌కి 9 వోల్టుల డీసీ, మధ్యలో మైనస్. యమహా కీబోర్డుల్లో చాలావాటికి 12 వోల్టులు, మధ్యలో ప్లస్. కొన్ని పాత ఎఫెక్ట్ యూనిట్లు 9 వోల్టుల ఏసీ అడుగుతాయి, డీసీ కాదు. ప్లగ్ మాత్రం ఒకదానిది ఇంకోదానిలో హాయిగా దూరిపోతుంది. దూరింది కదా అని స్విచ్ వేస్తే లోపల బోర్డు కాలుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఒరిజినల్ అడాప్టర్ ఇస్తున్నారా అని అందుకే మొదట అడగాలి. లేకపోతే అది బేరంలో తగ్గించుకోవాల్సిన అంశం.

ఆరుతీగలు
మామ చెప్పిన రంగు టేపు నేను కేబుళ్ళకి కూడా వాడతాను, కానీ పొడవుని బట్టి. 3 మీటర్లవి ఒక రంగు, 6 మీటర్లవి ఇంకోటి, 10 మీటర్లవి మరోటి. స్టేజ్ మీద ఎవరైనా "పొడుగు వైరు ఇవ్వు" అంటే సంచిలో చెయ్యి పెట్టి విప్పి చూడక్కర్లేదు.

తాళంపెట్టె
రాత్రిరాగం గారూ, సర్దడంలో అందరూ చేసేది ఒకటుంది: కేబుళ్ళన్నీ ఒక పెట్టె, అడాప్టర్లన్నీ ఒక పెట్టె, మైకులన్నీ ఒక పెట్టె. చూడ్డానికి బాగుంటుంది. షోకి వెళ్ళే రోజు మాత్రం ప్రతి పెట్టె తెరిచి అందులోంచి కొంచెం కొంచెం ఏరుకోవాలి, ఆ ఏరుకునేటప్పుడే ఏదో ఒకటి మిగిలిపోతుంది. నేను షోని బట్టి సర్దుతాను. చిన్న హాల్లో ఇద్దరం ముగ్గురం చేసే ప్రోగ్రాంకి ఒక సంచి, పూర్తి బ్యాండ్‌కి ఒక పెట్టె. దేనికి కావాల్సిన కేబుళ్ళు దానిలోనే శాశ్వతంగా ఉంటాయి. ఇంట్లో ప్రాక్టీస్‌కి కూడా వాటిలోంచి తీయను.

మిక్సర్‌మామ
తాళంపెట్టె, అలా చేస్తే ప్రతిదీ రెండేసి కొనాలి. అందరికీ కుదరదు.

తాళంపెట్టె
ప్రతిదీ కాదు మామా. కేబుళ్ళు, పవర్ స్ట్రిప్, టేపు, ఇలాంటి చిన్నవే. సెకండ్ హ్యాండ్ వేటలో ఇవి తేలిగ్గా దొరుకుతాయి కూడా. ఎవరైనా సంగీతం మానేసి మొత్తం అమ్మేటప్పుడు వైర్ల మూట చివర్లో దాదాపు ఊరికే ఇచ్చేస్తారు.

సోల్డరింగ్_బాబాయ్
ఆ మూట వైర్లు తెచ్చుకున్నాక ఒక్కోటీ మల్టీమీటర్‌తో కంటిన్యూటీ, అంటే తీగ ఎక్కడా తెగలేదా అనేది, చూడండి. బీప్ వస్తున్నప్పుడు రెండు చివర్లా ప్లగ్ దగ్గర వైరుని అటూ ఇటూ వంచండి. బీప్ తెగితే సోల్డర్ విడిపోయిందన్నమాట. కేబుల్ చెడేది మధ్యలో చాలా అరుదు, ప్లగ్ మొదట్లోనే. విప్పి కొత్తగా అతికితే ఇంకా ఏళ్ళు పనిచేస్తుంది.

ఇంకోటి, స్పీకర్ కేబుల్‌కీ గిటార్ కేబుల్‌కీ ప్లగ్ ఒకేలా ఉంటుంది, లోపల వేరు. గిటార్ కేబుల్లో సన్నని తీగ చుట్టూ షీల్డ్ ఉంటుంది, ఆంప్ (యాంప్లిఫయర్) నుంచి స్పీకర్‌కి వెళ్ళే కరెంటుని ఆ సన్నని తీగ తట్టుకోలేదు. స్పీకర్ కేబుల్‌కి షీల్డ్ ఉండదు కాబట్టి దాన్ని గిటార్‌కి పెడితే హమ్ (గుయ్‌మనే మోత) పట్టుకుంటుంది. పాత మూటలో ఈ రెండూ కలిసిపోయి వస్తాయి, బయట జాకెట్ మీద అచ్చు వేసిన అక్షరాలు చదివి విడదీయండి.

రాత్రిరాగం
ఇవన్నీ రాసుకుంటున్నాను. కీబోర్డ్ సంగతి ఎవరైనా చెప్పండి. చూడ్డానికి వెళ్ళినప్పుడు అమ్మేవాళ్ళ ముందు ఎంతసేపు వాయించొచ్చు, ఏం చూడాలి?

సోల్డరింగ్_బాబాయ్
కీబోర్డ్ చూడ్డానికి వెళ్తే ముందే చెప్పండి, "అరగంట పడుతుంది, నా హెడ్‌ఫోన్స్ తెచ్చుకుంటాను" అని. ఒప్పుకోనివాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు.

మొదట పాటలు వాయించకండి. పాట వాయిస్తే మీ చెయ్యి మీకు అలవాటైన కీల మీదే తిరుగుతుంది. వెలాసిటీకి (కీ ఎంత వేగంగా నొక్కామన్నదానికి) బాగా స్పందించే పియానో సౌండ్ ఒకటి పెట్టుకుని ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా ఒక్కో కీ మెల్లగా నొక్కండి, తర్వాత అదే వరసలో గట్టిగా. కీ కింద రబ్బరు స్ట్రిప్ ఉంటుంది, అందులో ప్రతి కీకీ రెండు కాంటాక్టులు. కీ దిగేటప్పుడు మొదటిది తగిలాక రెండోది తగలడానికి ఎంత సమయం పట్టిందో కొలిచి, దాన్నిబట్టి సౌండ్ ఎంత గట్టిగా రావాలో లెక్కేస్తుంది. దుమ్ము పడితే ఆ లెక్క తప్పుతుంది. మెల్లగా నొక్కినా ఒక కీ మాత్రం పెద్దగా అరవడం, లేదా అసలు పలకకపోవడం దీనివల్లే. చాలాసార్లు విప్పి శుభ్రం చేస్తే పోతుంది, రబ్బరు అరిగిపోతే స్ట్రిప్ మార్చాలి. కాబట్టి ఒకటి రెండు కీలు ఇలా ఉంటే భయపడకండి, ధర మాత్రం తగ్గించమనండి.

తర్వాత పిచ్ బెండ్ తిప్పి వదిలేయండి, శ్రుతి సరిగ్గా మధ్యకి వస్తుందో లేదో చెవితో వినండి. మాడ్యులేషన్ చక్రం, ప్రతి నాబ్, ప్రతి బటన్. వాల్యూమ్ తిప్పేటప్పుడు గరగర వస్తే పొటెన్షియోమీటర్‌లో దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్ కొడితే సాధారణంగా సర్దుకుంటుంది. సస్టెయిన్ పెడల్ మీదే తీసుకెళ్ళండి. వెనక లెఫ్ట్, రైట్ అవుట్‌పుట్ రెండూ విడివిడిగా పెట్టి, ప్లగ్‌ని మెల్లగా కదిలించండి. స్టేజ్ మీద ఎక్కువ దెబ్బ తినేవి ఆ సాకెట్లే. మిడి (వాద్యాలని ఒకదానితో ఒకటి, కంప్యూటర్‌తో కలిపే కనెక్షన్), యూఎస్‌బీ కూడా చూడండి. అన్నీ అయ్యాక ఆపకుండా అలాగే ఉంచి మాట్లాడుకోండి, ఎందుకంటే కొన్ని జబ్బులు వేడెక్కాకే బయటపడతాయి.

పల్లవి_చరణం
బాబాయ్, పాత సింథ్‌ల (సింథసైజర్ల) గురించి కూడా చెప్పండి, వాటి మీద మనసు పారేసుకునేవాళ్ళం చాలామందిమి ఉన్నాం ఇక్కడ.

సోల్డరింగ్_బాబాయ్
మనసు పారేసుకోండి, కళ్ళు తెరుచుకునే పారేసుకోండి. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 లాంటివాటిల్లో మనం చేసుకున్న సౌండ్లని కాపాడేది లోపలున్న చిన్న బ్యాటరీ. అది బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. అయిపోతే మెమరీ ఖాళీ. కొనగానే మిడి ద్వారా సౌండ్లన్నీ కంప్యూటర్‌లోకి దింపుకుని బ్యాటరీ మార్పించాలి, హోల్డర్ పెట్టించుకుంటే ఇంకోసారి సోల్డరింగ్ అక్కర్లేదు. రోలండ్ జేడీ-800, డీ-70, యూ-20ల్లో కీల కింద బరువులు అతికించిన ఎర్ర జిగురు ఏళ్ళకి కరిగి కిందికి కారి కాంటాక్టుల మీద పడుతుంది. అవి చూసేటప్పుడు కీల సందుల్లో టార్చ్ వేసి చూడండి. 1984 నాటి రోలండ్ జూనో-106లో వాయిస్ చిప్‌ల జబ్బు పేరుమోసినదే, ఒక నోటే పదేపదే నొక్కితే ఆరు వాయిస్‌లూ (ఒక్కోటి ఒకసారికి ఒక నోటు పలికించేది) వరసగా వస్తాయి, అందులో ఒకటి గరగరమన్నా మూగబోయినా ఆ చిప్ పోయినట్టు.

ఆరుతీగలు
అవన్నీ స్టూడియోలో బాగుంటాయి బాబాయ్. రాత్రిరాగం అడిగింది స్పేర్ కీబోర్డ్. స్పేర్ అంటే తీసి పెట్టిన మరుక్షణం మోగాలి. నలభై ఏళ్ళ సింథ్ స్పేర్‌గా పెట్టుకుంటే దానికి ఇంకో స్పేర్ కావాలి.

సోల్డరింగ్_బాబాయ్
అందులో నీతో ఏకీభవిస్తాను. స్పేర్‌కి ఐదారేళ్ళ వయసున్న, ఇప్పటికీ సర్వీస్ పార్టులు దొరికే మోడల్ చాలు. మెయిన్ కీబోర్డ్ కంపెనీదే అయితే ఇంకా మంచిది, చీకట్లో మెనూ వెతుక్కోనక్కర్లేదు, వీలైతే ఒకే అడాప్టర్ రెండింటికీ సరిపోయేలా చూసుకోండి.

జాక్‌పిన్ను
వెతకడం ఎలాగో అడిగారు, దాని గురించి ఎవరూ చెప్పలేదు. నా పద్ధతి ఇది. ఫోన్‌లో ఒక చిన్న లిస్టు ఉంటుంది, మూడు వస్తువులకి మించి రాయను. ప్రతిదానికీ మోడల్ పేరు, నేను పెట్టగలిగే పై ధర, ఏ లోపం ఉన్నా పర్లేదు, ఏది ఉంటే వద్దు, ఇవి రాసి పెట్టుకుంటాను. కీబోర్డ్ అయితే గీతలున్నా, స్క్రీన్ వెలుగు తగ్గినా పర్లేదు. కీ విరిగితే వద్దు, ఒరిజినల్ అడాప్టర్ లేకపోతే ధర తగ్గాలి. ఇది ముందే రాసుకుంటే అమ్మేవాళ్ళ ఎదురుగా కూర్చుని ఆలోచించనక్కర్లేదు. ఆ మోడల్ పేరు మీద అలర్ట్ పెట్టుకుని, పేరుని జనం తప్పుగా రాసే రకాలు కూడా వెతుకుతాను. పేరు తప్పుగా రాసిన యాడ్ ఇంకెవరి వెతుకులాటలోనూ కనబడదు, నిదానంగా మాట్లాడుకోవచ్చు.

మెసేజ్ కూడా "ఉందా?" అని పెట్టకండి. "ఇవాళ సాయంత్రం వచ్చి చూసి, బాగుంటే అక్కడే డబ్బులిచ్చి తీసుకెళ్తాను, సీరియల్ నంబర్ ఫోటో ఒకటి పంపగలరా" అని రాయండి. పది మంది "ఉందా" అన్నవాళ్ళలో మీరు వేరుగా కనిపిస్తారు.

గాత్రం_గౌరి
సీరియల్ నంబర్ మాట జాక్‌పిన్ను బాగా ఎత్తారు. దొంగ సామాను ఎక్కువగా అమ్ముడుపోయేది సంగీత వాద్యాల్లోనే అనిపిస్తుంది నాకు, ఎందుకంటే తేలిగ్గా మోసుకుపోవచ్చు, తేలిగ్గా కొనేవాళ్ళు దొరుకుతారు. నంబర్ గీకేసి ఉన్నా, అమ్మేవాళ్ళకి దాన్ని ఆన్ చేయడం కూడా రాకపోయినా, అడాప్టర్ కూడా లేకుండా హడావిడిగా అమ్ముతున్నా అక్కడితో వదిలేయండి. అది ఇంకో ఆర్టిస్ట్ కూడు.

అలాగే మీ దగ్గరున్న ప్రతి వస్తువుకీ సీరియల్ నంబర్ కనబడేలా ఫోటో, మొత్తం వస్తువు ఫోటో, మీకు మాత్రమే తెలిసిన ఒక గీతో మచ్చో దగ్గర్నుంచి ఫోటో తీసి ఫోన్‌లో కాకుండా ఇంకోచోట దాచండి. పోతే ఫోన్ కూడా దాంతోనే పోవచ్చు కదా. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు ఒకసారి షరతులు చదవండి, మామూలు ఇంటి పాలసీల్లో చాలావాటికి డబ్బులు తీసుకుని ప్రోగ్రాంలు చేసే సామాను వర్తించదు.

మిక్సర్‌మామ
గౌరి చెప్పింది నూటికి నూరు పాళ్ళు. నేను ఒక షీట్ పెట్టుకున్నాను: వస్తువు, సీరియల్, కొన్న తేదీ, ఏ పెట్టెలో ఉంది, చివరిసారి ఎప్పుడు సర్వీస్ అయింది, ఇప్పుడున్న లోపం. ఆ చివరి గడి చాలా ముఖ్యం. షో అయ్యాక ఇంటికొచ్చి నిద్రపోయే ముందే "ఛానల్ 4 ఫేడర్ గరగర" అని రాసేస్తాను, పొద్దున్నకి గుర్తుండదు, వచ్చే షోలో మళ్ళీ అదే ఫేడర్ పట్టుకుని తిట్టుకోవాలి.

బాస్‌తీగ
షీట్‌లో బరువు కూడా రాయి మామా. ఏ కారులో ఏది పడుతుందో, మెట్లు ఉన్న చోటికి ఏది తీసుకెళ్ళాలో దాన్నిబట్టే నేను నిర్ణయిస్తాను. ట్యూబ్ ఆంప్ (గాజు వాల్వులతో పనిచేసే ఆంప్) ఎంత బాగా పలికినా మూడో అంతస్తు హాలుకి మోసేది మన నడుమే.

ఆరుతీగలు
ట్యూబ్ ఆంప్ మాట వచ్చింది కాబట్టి, సెకండ్ హ్యాండ్ ట్యూబ్ ఆంప్ కొనడం మీద మీ అభిప్రాయం? నేను మాత్రం ఇంకా దానివైపే. పెడల్‌బోర్డ్ మోడలర్లు (ఆంప్‌ల సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే పరికరాలు) పదేళ్ళకి పాతబడతాయి, వాటి ఎడిటర్ సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోదు. ట్యూబ్ ఆంప్‌ని ఎప్పుడైనా రిపేర్ చేయించుకోవచ్చు.

బాస్‌తీగ
ఒప్పుకోను. రిపేర్ చేయించుకోవచ్చు సరే, చేసేవాళ్ళు దొరకాలి, ట్యూబ్‌లు దొరకాలి, పవర్ ట్యూబ్‌లు మార్చినప్పుడు చాలా ఆంప్‌లకి బయాస్ (ట్యూబ్‌లోకి వెళ్ళే కరెంటు అమరిక) సరిచేయించాలి. మోడలర్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోవచ్చు, నేరుగా మిక్సర్‌లోకి పోతుంది, స్టేజ్ మీద గోల తగ్గుతుంది, సౌండ్ చేసేవాళ్ళు కూడా సంతోషిస్తారు.

మిక్సర్‌మామ
సంతోషిస్తాం. గాయకుల మైకులోకి గిటార్ ఆంప్ దూరకుండా ఉంటే ఇంకా సంతోషిస్తాం.

సోల్డరింగ్_బాబాయ్
ఇద్దరికీ చెరో మాట. ట్యూబ్ ఆంప్ కొనేవాళ్ళు: ఆన్ చేసి వేడెక్కాక చిన్న ట్యూబ్‌లని పెన్సిల్ వెనక రబ్బరుతో మెల్లగా తట్టండి. స్పీకర్‌లో టంగున మోగితే ఆ ట్యూబ్ మైక్రోఫోనిక్ అయింది, అంటే అదురుని కూడా సౌండ్‌గా మారుస్తోంది, అది పెద్ద ఖర్చు కాదు. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్ ఎప్పుడూ ఆన్ చేయకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది, అది పెద్ద ఖర్చు. వెనక ప్లేటు విప్పి లోపల చెయ్యి పెట్టే ఆలోచన అసలు వద్దు. ప్లగ్ పీకేశాక కూడా కెపాసిటర్లలో 400 వోల్టులకి పైగా నిలవ ఉండొచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. వేరే దేశం నుంచి వచ్చిన ఆంప్ అయితే వెనక 120 వోల్టులా 230 వోల్టులా అన్నది చదవండి. చిన్న ఎలక్ట్రానిక్ వస్తువుల అడాప్టర్ల మీద 100-240 అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తాయి, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్‌లు అలా కాదు.

మోడలర్ కొనేవాళ్ళు: ప్రతి ఫుట్‌స్విచ్ పది పదిహేనుసార్లు తొక్కండి, ఒకసారి తొక్కితే రెండుసార్లు మారుతోందేమో చూడండి. అదే వాటికి మొదట వచ్చే జబ్బు. పాత యజమాని అకౌంట్ నుంచి రిజిస్ట్రేషన్ తీయించి, మీ ఎదురుగానే ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. ఆడియో ఇంటర్‌ఫేస్‌కీ (మైకు, వాద్యాల సౌండ్‌ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) అంతే, మీ కంప్యూటర్‌కి ఇప్పటికీ డ్రైవర్ వస్తోందో లేదో కంపెనీ సైట్‌లో చూసుకున్నాకే బయలుదేరండి.

గాత్రం_గౌరి
గాయకుల వైపు నుంచి నేను రాస్తాను. సెకండ్ హ్యాండ్‌లో నిశ్చింతగా కొనదగ్గవాటిల్లో డైనమిక్ మైకు ముందుంటుంది. షూర్ ఎస్‌ఎం58 1966 నుంచీ వస్తోంది, సొట్ట పడిన జాలీ మార్చుకుంటే చాలు, లోపల మైకు అలాగే పాడుతుంది. చిక్కల్లా నకిలీలతో. అసలుదాని బరువు 298 గ్రాములు, వంటింటి త్రాసు మీద పెట్టండి. బాగా తేలిగ్గా ఉంటే అనుమానించాలి, బరువు సరిపోయినంత మాత్రాన నమ్మేయకూడదు. నిజమైన పరీక్ష పక్కపక్కన పెట్టి పాడటమే. ఖాయంగా అసలుదని తెలిసిన మైకు ఒకటి తీసుకెళ్ళి అదే ఛానల్, అదే గెయిన్, అదే వాక్యం రెండింటిలోనూ పాడండి. నకిలీలో సౌండ్ తగ్గుతుంది, పై స్వరాల్లో గీరుకున్నట్టు ఉంటుంది, చేత్తో పట్టుకున్న రాపిడి కూడా గట్టిగా వినబడుతుంది.

వైర్‌లెస్ మైకులతో మాత్రం జాగ్రత్త. చాలా దేశాల్లో ఒకప్పుడు మైకులకి వాడిన ఫ్రీక్వెన్సీలని ఇప్పుడు మొబైల్ సర్వీసులకి ఇచ్చేశారు. అమెరికాలో 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఎక్కువ భాగం 2020 జూలై నుంచి మైకులకి నిషేధం. చౌకగా ఒక సెట్ కనబడితే రిసీవర్ వెనక స్టిక్కర్ మీద రేంజ్ చదివి, మీ దేశంలో దానికి అనుమతి ఉందో లేదో చూసుకోండి. మైకు ఎంత మంచిదైనా వాడకూడని ఫ్రీక్వెన్సీ అయితే అది ఖాళీ గొట్టమే.

పల్లవి_చరణం
గౌరి గారూ, వంటింటి త్రాసు ఇక మా ఇంట్లో మైకులకే అంకితం.

తాళంపెట్టె
డ్రమ్స్ కొనేవాళ్ళెవరైనా చదువుతుంటే, సింబల్‌ని (డ్రమ్ సెట్‌లోని లోహపు పళ్ళెం) స్టాండ్ మీంచి తీసి లైటు కింద పట్టుకుని అంచంతా వేలితో తడుముతూ తిప్పండి. వెంట్రుకవాసి పగుళ్ళు గాడుల వెంబడే దాక్కుని ఉంటాయి, దూరం నుంచి కనబడవు. మధ్య కన్నం గుండ్రంగా ఉందా, ఒక పక్కకి సాగిందా చూడండి. సాగితే కింద స్లీవ్ లేకుండా ఏళ్ళ తరబడి వాయించారన్నమాట, పగులు అక్కడి నుంచి కూడా మొదలవుతుంది. డ్రమ్ అయితే స్కిన్ తీయించి, షెల్‌ని చదునైన బల్ల మీద బోర్లించి లోపల టార్చ్ పెట్టండి. అంచు కింద నుంచి ఎక్కడైనా వెలుగు బయటికి వస్తే అంచు సమానంగా లేదు, ఎంత ట్యూన్ చేసినా కుదరదు. స్కిన్ విప్పడానికి ఒప్పుకోకపోతే నేను కొనను.

ఆరుతీగలు
గిటార్‌కి కూడా రెండు ముక్కలు. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ దగ్గర తీగని ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు ఎంతుందో చూడండి. పలచటి కాగితం పట్టేంత ఉంటే మంచిది. మరీ ఎక్కువగా ఉన్నా అసలు లేకపోయినా ట్రస్ రాడ్ (గిటార్ మెడ లోపలుండే కడ్డీ) సరిచేయాలి, అది తిరుగుతోందో లేదో యజమానిని అడిగి ఆయన చేతే తిప్పించండి. ఇరుక్కుపోయిన ట్రస్ రాడ్ ఉన్న గిటార్ ఎంత చౌకైనా వద్దు. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల భాగం) వెనక, నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) కింద భాగాన్ని గోరుతో గీరండి, వెనక్కి వాలుగా ఉండే హెడ్‌స్టాక్‌లు పడ్డప్పుడు అక్కడే విరుగుతాయి. బాగా అతికించినదైతే వాయించడానికి భేషుగ్గా ఉంటుంది, ప్రోగ్రాంలకి నేనైతే అలాంటివే వెతుకుతాను, ఎందుకంటే ధర బాగా తగ్గుతుంది, స్టేజ్ మీద దాన్ని చూసి గుండె దడదడలాడదు.

బాస్‌తీగ
అతుకు గిటార్ల విషయంలో నీతో ఒక్కటవుతాను. అమ్మేవాళ్ళు ముందే చెబితే సరే, మనం కనిపెట్టాక "అవును కదా" అంటే మాత్రం ఇంకేం దాచారో అని వెనక్కి వచ్చేస్తాను.

రాత్రిరాగం
మానిటర్ స్పీకర్ సంగతి మిక్సర్‌మామ గారూ?

మిక్సర్‌మామ
పవర్డ్ స్పీకర్ (ఆంప్ లోపలే ఉన్నది) అయితే ఏమీ తగిలించకుండా ఆన్ చేసి చెవి దగ్గర పెట్టండి. సన్నని హిస్ మామూలే, హమ్ మామూలు కాదు. తర్వాత ఫోన్‌లో టోన్ జెనరేటర్ యాప్‌తో 50 హెర్ట్జ్ నుంచి పైకి మెల్లగా జరుపుతూ వెళ్ళండి, మధ్యలో ఎక్కడైనా జరజర, గలగల వస్తే కోన్‌లోనో పెట్టెలోనో ఏదో వదులైంది. జాలీ తీయనిస్తే వూఫర్ కోన్‌ని రెండు పక్కలా సమానంగా వేళ్ళతో లోపలికి నొక్కండి, బరబరా రాసుకున్నట్టు తగిలితే కాయిల్ కాలిందనో పక్కకి జరిగిందనో అర్థం. ప్యాసివ్ స్పీకర్‌ని (ఆంప్ విడిగా కావాల్సినది) మల్టీమీటర్‌తో కొలవండి. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో సుమారు 6 చూపిస్తుంది, అది లోపం కాదు. అసలు అంకె రాకపోతే తెగిపోయినట్టు. వెనక స్క్రూల తలల మీద గాడులు అరిగి ఉంటే లోపల ఎవరో చెయ్యి పెట్టారు, ఏం చేశారో అడగండి.

అద్దెకిచ్చే సౌండ్ కంపెనీలు పాత స్టాక్ మార్చేటప్పుడు అమ్మేవాటిని తీసిపారేయకండి. పైన గీతలు ఘోరంగా ఉంటాయి కానీ లోపల క్రమం తప్పకుండా సర్వీస్ అయి ఉంటాయి.

తాళంపెట్టె
మామ చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. నేను కొన్న మంచి వస్తువుల్లో ఎక్కువ భాగం యాడ్స్‌లో దొరికినవి కావు. సౌండ్‌చెక్ అప్పుడు పక్క బ్యాండ్ వాళ్ళతో "ఫలానా వెతుకుతున్నా" అని చెప్పి పెట్టడమే. ఎవరైనా అమ్మాలనుకున్నప్పుడు ముందు మనకే ఫోన్ చేస్తారు. పైగా అది స్టేజ్ మీద ఎలా మోగుతుందో మనం విని ఉంటాం, ఎలా చూసుకుంటారో కూడా తెలుసు.

జాక్‌పిన్ను
చివర్లో స్పేర్ సంచి గురించి ఎవరూ రాయలేదు. నాది జిప్పు ఉన్న చిన్న సంచి, అందులో: ఒక సెట్ తీగలు, 9 వోల్టుల బ్యాటరీలు, డబుల్ ఏ బ్యాటరీలు, ఆంప్‌కి సరిపోయే ఫ్యూజులు (ఆంపియర్ ఒక్కటే కాదు, స్లో బ్లో అని రాసి ఉంటే అదే రకం ఉండాలి), ఒక డీఐ బాక్స్, ఒక కేబుల్, గాఫర్ టేపు (స్టేజ్ మీద వైర్లు అంటించే గుడ్డ టేపు), చిన్న స్క్రూడ్రైవర్, టార్చ్. షోలో వాడినది ఆ రాత్రే తిరిగి నింపాలి. షోలు లేని రోజుల్లో పెడల్స్‌లోంచి, వైర్‌లెస్ మైకుల్లోంచి బ్యాటరీలు తీసేయండి, కారిపోతే కాంటాక్టులన్నీ తుప్పు పడతాయి.

పల్లవి_చరణం
వైర్లు చుట్టే పద్ధతి కూడా ఎవరైనా చెప్పండి, మోచేతికి చుట్టేవాళ్ళని చూస్తే ప్రాణం విలవిల్లాడుతుంది.

మిక్సర్‌మామ
ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు మణికట్టు లోపలికి తిప్పి కిందినుంచి. ఇలా ఒకటి విడిచి ఒకటి. అప్పుడు లోపలి తీగ మెలిపడదు, స్టేజ్ మీద ఒక చివర పట్టుకుని విసిరితే ముడి లేకుండా పరుచుకుంటుంది. వెల్‌క్రో పట్టీని కేబుల్‌కే ఒక చివర కట్టి ఉంచండి, విడిగా ఉంటే మాయమవుతాయి.

రాత్రిరాగం
అందరికీ చాలా చాలా థ్యాంక్స్. అడాప్టర్ల మీద పేర్లు రాయడం అయింది. లిస్టు కూడా రాసుకున్నాను, రెండే వస్తువులు. సాయంత్రం ఒక కీబోర్డ్ చూసి వచ్చాను, నాలుగేళ్ళ పాతది, నా మెయిన్ కీబోర్డ్ కంపెనీదే, అడాప్టర్ ఉంది, యజమాని హాయిగా అరగంట వాయించనిచ్చారు. బాబాయ్ చెప్పినట్టు కీలన్నీ చూస్తే పై ఆక్టేవ్‌లో రెండు పక్కపక్క కీలు మెల్లగా నొక్కినా గట్టిగా మోగుతున్నాయి. ఆయనకి చూపిస్తే ధర తగ్గిస్తానన్నారు, గట్టి కేసు కూడా ఇస్తానన్నారు. తీసుకోవచ్చా?

సోల్డరింగ్_బాబాయ్
పక్కపక్క కీలంటే ఒకేచోట దుమ్ము పడినట్టుంది, తీసుకోండి. తగ్గించిన సొమ్ము ఒక రబ్బరు స్ట్రిప్ ఖరీదు, విప్పి బిగించే కూలీ కలిపి సరిపోవాలి, ముందు ఫోన్ చేసి ఆ మోడల్ స్ట్రిప్ ఖరీదు కనుక్కోండి. మీరే విప్పితే ప్రతి దశలో ఫోటో తీసుకోండి, పొడుగు స్క్రూలు పొట్టి స్క్రూలు వేర్వేరు గిన్నెల్లో పెట్టండి.

బాస్‌తీగ
కేసు చక్రాలు చూశారా? కీబోర్డ్ కేసుకి ముందు పోయేవి అవే.

రాత్రిరాగం
చూశాను, ఒక చక్రం విరిగింది.

బాస్‌తీగ
అయితే సమస్యే లేదు, చక్రాలు విడిగా దొరుకుతాయి. చక్రం ఎత్తు, నాలుగు బోల్టు కన్నాల మధ్య దూరం కొలుచుకుని వెళ్ళండి, మిగతా మూడింటికీ అదే ఎత్తు ఉండాలి.